ఎవరి పాలు అని అడిగాను

నా కూతురు తొమ్మిది వందల నలభై గ్రాములతో పుట్టింది. కిలో కందిపప్పు ప్యాకెట్టు కంటే తక్కువ. ఈ పోలిక నాది కాదు, మా అమ్మది. తెనాలి నుంచి కట్టుబట్టలతో బస్సెక్కి వచ్చిన మనిషి, ఆసుపత్రి వరండాలో ఉక్కు కుర్చీ మీద కూలబడి, "కిలో కూడా లేదేమిటే అమ్మాయ్" అని పైట నోట్లో కుక్కుకుంది. అప్పుడు నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఏడవాలంటే నేను ఏడవాలి, ఈవిడెందుకు మొదలుపెట్టిందని.

నేను మొదటినుంచీ నోరున్న మనిషిని. గచ్చిబౌలిలో మా ఆఫీసులో నాతో వాదన పెట్టుకునేవాళ్ళు తక్కువ. ఏడో నెల నిండకుండానే బీపీ ఎగబాకి, ఒక సోమవారం మధ్యాహ్నం మీటింగు మధ్యలో నా కళ్ళ ముందు తెరంతా మసకబారితే, "రెండు నిమిషాల్లో వస్తాను, మీరు కానివ్వండి" అని చెప్పి బయటికి నడిచాను. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ మీటింగులోకి నేను మళ్ళీ వెళ్ళలేదు.

రెండో రోజు నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళారు. గాజు పెట్టెలో, తల మీద నా పిడికిలంత టోపీ, నోట్లోంచి కడుపులోకి సన్నని గొట్టం. చర్మం ఎంత పల్చగా ఉందంటే లోపలి నరాలన్నీ కనిపిస్తున్నాయి. చూడగానే ప్రేమ పుడుతుందంటారు. నాకు పుట్టింది భయం. అది బతకదని అనుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

అక్కడ పెద్ద సిస్టరొకావిడ ఉండేది. యాభై ఏళ్ళుంటాయి. చిన్న ప్లాస్టిక్ గిన్నె నా చేతికిచ్చి, "అమ్మా, మందులన్నీ మేం ఇస్తాం గానీ ఒక మందు మా దగ్గర లేదు. అది మీరే తేవాలి" అంది. డాక్టర్ కూడా అదే చెప్పాడు. మేం చేసేదంతా ఒక ఎత్తు, తల్లిపాలు ఒక ఎత్తు అన్నాడు. ఇంత తొందరపడి వచ్చిన పిల్లల పేగులు లేత తమలపాకు కంటే నాజూకుగా ఉంటాయట. పొడిపాలు అరిగించుకోలేక ఒక్కోసారి అవి వాచిపోతాయట, కుళ్ళిపోతాయట. తల్లిపాలైతే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందట.

మా అమ్మకు ఇదంతా వింత. నేను పుట్టినప్పుడు ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసి, మూడు రోజులు నాకు పంచదార నీళ్ళు పట్టారట. ఇక్కడేమో పసుపు రంగులో నాలుగు చుక్కలు రాలితే, సిస్టరు వాటిని సిరంజిలోకి లాగి, దూదిపుల్లకు అద్ది, బిడ్డ చెంపల లోపల రాసింది. మింగాల్సిన పని లేదు, ఇలా తడి తగిలితే చాలు, రక్షణ అక్కడినుంచే మొదలవుతుంది అని చెప్పింది. నా కూతురు నాలుక కొంచెం కదిపింది. దాని వైపునుంచి నాకు అందిన మొదటి కబురు అదే.

పాలు పిండుకోవడానికి వరండా చివర ఒక గది. నాలుగు కుర్చీలు, మధ్యలో తెరలు, ఒక మూల పెద్ద ఫ్రీజరు. పాలగది అనేవాళ్ళు. మూడో రోజు అక్కడ నా పక్క కుర్చీలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నేను అరగంట నుంచి మిషను పెట్టుకుని పళ్ళు బిగించి కూర్చుంటే సీసా అడుగు కూడా తడవలేదు. ఆమె చేత్తోనే పిండుకుంటోంది, రెండో సీసా నిండబోతోంది.

"వస్తలేవా మేడం?" అంది.

లేదన్నట్టు తల ఊపాను.

"జర భుజాలు వదులు చేయుండ్రి. గట్ల బిగవట్టుకుంటే ఏడికెళ్లి వస్తయ్? బిడ్డ టోపీ గిట్ల ఉంటే తెచ్చుకోని వాసన చూడుండ్రి. పరేషాన్ గావద్దు."

ఆ మాటలు ఎంత మంచివో ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఆమె పాలమూరు వైపు మనిషి. మొగుడు కోకాపేటలో కడుతున్న టవర్లలో సెంట్రింగ్ పని చేస్తాడు. ఖాజాగూడలో ఒక గది కిరాయికుంటారు. ఆమె ఒక ఐటీ బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేసేది. అంటే నాలాంటివాళ్ళ బల్లలు తుడిచే పని. ఆ పని చేసే మనిషి నాకు బిడ్డకు పాలివ్వడం నేర్పుతోందని నా ఉక్రోషం. చదువుకున్నదాన్ననే పేరే గానీ, బుద్ధి మాత్రం అక్కడే ఆగింది.

ఆమెకు కొడుకు. నా కూతురికంటే నాలుగు రోజులు పెద్ద, నూట యాభై గ్రాములు ఎక్కువ. కానీ వాడికి ఊపిరితిత్తులు అసలు తెరుచుకోలేదు. ముందు గదిలో శ్వాస మిషను మీద ఉండేవాడు. కడుపులోకి ఏమీ వెయ్యలేని పరిస్థితి. అందుకే ఆమె పాలు అలా మిగిలిపోయేవి. ఆమె రక్తపరీక్షలు అయ్యాక, మిగిలినవి వృథా కాకుండా సిస్టర్లు తీసుకుని, వేడిచేసి, క్రిముల్లేకుండా చేసి ఆ మూల ఫ్రీజర్లో దాచేవారు. పాలు చాలని తల్లుల పిల్లలకు వాడేవారు. ఆమె సీసాలు ఆ ఫ్రీజర్లోకి వెళ్ళడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

అయిదో రోజు నా చుక్కలు కూడా ఆగిపోయాయి. డాక్టర్ నన్నూ మా ఆయన్నీ పిలిచి, మీ పాలు వచ్చేదాకా ఫ్రీజర్లోని బ్యాంకు పాలు వేద్దాం, ఇక్కడ సంతకం చెయ్యండి అన్నాడు.

"ఎవరి పాలు?" అని అడిగాను.

"అది చెప్పమండి. ఒకరివే కూడా ఉండవు, కలిపి వేడిచేస్తాం. అన్ని పరీక్షలూ అవుతాయి."

నేను ఊరుకోలేదు. ఏ ఉష్ణోగ్రత, ఎన్ని నిమిషాలు, ఇన్ఫెక్షన్ వస్తే ఎవరిది బాధ్యత అని ఆఫీసులో వెండర్లను నిలదీసినట్టు నిలదీశాను. ఆయన ఓపిగ్గా అన్నిటికీ జవాబిచ్చాడు. నాకు కావలసింది ఆ జవాబులు కాదు. బయటికొచ్చాక మా అమ్మ ఆ విషయం సూటిగా అనేసింది. "ఎవరి పాలో, ఏ ఇంటి పాలో. మన పిల్లకెందుకే? డబ్బా పాలు లేవా?" అంది. నేను అమ్మను కసిరాను గానీ, చేసింది మాత్రం అమ్మ చెప్పిందే. నా కళ్ళ ముందు ఆ అమ్మాయి సీసాలే ఉన్నాయి. సంతకం చెయ్యనన్నాను. మా ఆయన నా మొహం చూసి, ఇలాంటప్పుడు నాతో వాదించడం ఇష్టంలేక, పొడిపాలకు ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. డాక్టర్ కాయితం తీసుకుంటూ, "మీ ఇష్టం, కానీ నా సలహా అది కాదు" అన్నాడు.

రెండు రోజులు పొడిపాలు పట్టారు. మూడో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి సిస్టరు టేపు పెట్టి బిడ్డ పొట్ట కొలుస్తోంది. పొట్ట ఉబ్బి నున్నగా మెరుస్తోంది. గొట్టంలోంచి ఆకుపచ్చగా ఏదో వెనక్కి వస్తోంది. పాలు ఆపేశారు. నోటికి ఏమీ లేదు, సెలైన్ మాత్రమే. ఎక్స్‌రే మీద ఎక్స్‌రే. ఆపరేషన్ చేసే డాక్టరుకు కూడా ముందే చెప్పి ఉంచారు.

"పొడిపాల వల్లేనా?" అని అడిగాను.

"అలా అని చెప్పలేమమ్మా. తల్లిపాలు పట్టినా ఒక్కోసారి వస్తుంది" అన్నాడు డాక్టర్. నన్ను ఓదార్చడానికి కాదు, నిజంగానే చెప్పలేరు. కానీ నాకు నేను చెప్పుకోగలను. ఆ నాలుగు రోజులూ ఆ పెట్టె పక్కన నిలబడి చెప్పుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ బ్యాంకు పాల కాయితం నేనే అడిగి తెప్పించుకుని, ఎవరూ చెప్పకముందే సంతకం చేసి సిస్టరు చేతిలో పెట్టాను. మా అమ్మ నా వెనకే నిలబడి అంతా చూసింది.

అయిదో రోజుకు పొట్ట తగ్గింది. మళ్ళీ ఒక్క మిల్లీలీటరుతో మొదలుపెట్టారు. నా దగ్గర ఉన్న కాస్తా నాది, మిగతాది ఫ్రీజరులోది. అరిగింది. మర్నాడు రెండు. అదీ అరిగింది. నేను పాలగదికి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుని, బిడ్డ టోపీ ముక్కు దగ్గర పెట్టుకుని భుజాలు వదులు చేశాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ రోజే మొదటిసారి సీసా అడుగు మునిగింది. ఆమె వంగి చూసి, "అగో, వచ్చినయ్ సూడు!" అని తన బిడ్డకే ఏదో మంచి జరిగినంత సంబరపడింది.

అప్పటినుంచి మేడం అనడం మానేసి అక్కా అంది. రోజూ నన్ను చూడగానే మొదటి ప్రశ్న, "ఎన్ని గ్రాములైంది అక్కా?" పది పెరిగిందంటే పది వేళ్ళూ చాపేది. నేను వాళ్ళవాడి గురించి అడిగితే, "గట్లనే ఉన్నడు. మంచిగైతడన్నరు" అనేది. వాళ్ళెవరూ అలా అనలేదని ఇద్దరికీ తెలుసు. మా ఇద్దరి బిడ్డలూ వేరువేరు గదుల్లో ఉండేవాళ్ళు. ఎవరి బిడ్డ పెట్టె దాకా వాళ్ళకే అనుమతి. అందువల్ల ఆమె నా కూతుర్ని చూడలేదు, నేను ఆమె కొడుకును చూడలేదు.

ఒక పొద్దున పాలగదిలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. సిస్టరు మొహం చూడగానే అర్థమైంది. తెల్లవారుతుండగా పోయాడట. ఇరవై ఒక్క రోజులు బతికాడు. నేను ఆ కుర్చీ పక్కనే కూర్చుని పాలు పిండుకున్నాను. ఆ పూట ఎన్నడూ లేనన్ని వచ్చాయి. నాకు నా మీద అసహ్యం వేసింది.

మూడు రోజుల తరవాత ఆమె మళ్ళీ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. తిన్నగా తన కుర్చీలో కూర్చుని సీసా అడిగింది. సిస్టరు, "ఎందుకమ్మా, ఇంటికాడ పండుకోవద్దా?" అంటే ఇలా చెప్పింది. "ఆగుతలేవమ్మా. రాయిలెక్క అయితున్నయ్. మా అత్త గోడకు పిండేయమంటది, మల్లెపూలు కట్టుకుంటే ఇంకిపోతయంటది. గోడకెందుకు పొయ్యాలె? ఇంకొక వారం ఇస్త. ఈడ ఎవలో ఒకలు తాగుతరు గద."

సిస్టరు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకు నోరుందని ముందే చెప్పాను, అవసరమైనప్పుడు అది ఎప్పుడూ పనిచెయ్యదు.

సీసా నిండాక మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అక్కా, ఒక్కపారి నీ బిడ్డను చూస్తనే. సిస్టరమ్మను అడిగిన. తల్లి ఒప్పుకుంటే తనతోని వచ్చే మనిషి కింద రానిస్తమన్నరు. ముట్టుకోను. దూరంకెళ్లే చూస్త." కొంచెం ఆగి, "మావోడు ఒక్కనాడు పాలు తాగలేదక్కా. తాగే బిడ్డను చూడాల్నని ఉన్నది" అంది.

ఆ రోజు నా కూతురు పదకొండు వందల ఎనభై గ్రాములు. ముందురోజే ఆక్సిజన్ తగ్గించారు. అంతా మొదటిసారి సవ్యంగా ఉందనిపించిన రోజు అది. బిడ్డ పోయి నాలుగు రోజులు కాని మనిషి కళ్ళు దాని మీద పడితే? ఈ ఆలోచన నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఆ గదిలో లేదు. నిలువెత్తు భయంలోంచి అది నాకే పుట్టింది, మా అమ్మమ్మ, వాళ్ళమ్మ, అందరూ కలిసి నా నోటితో మాట్లాడారు.

"ఇవాళ వద్దు. డాక్టర్ ఎవరినీ తీసుకురావద్దన్నారు" అన్నాను.

సిస్టరు అక్కడే ఉంది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. తలవంచుకుని సీసా మీద పేరు రాస్తూ ఉండిపోయింది. ఆ అమ్మాయి సిస్టర్ని చూసింది, నన్ను చూసింది.

"దిష్టి తగుల్తదనుకుంటున్నవా అక్కా?"

కోపంగా అడగలేదు. అడ్రసు అడిగినట్టు అడిగింది. "అయ్యో, అదేం లేదు" అన్నాను. ఆమె పైట సర్దుకుని లేచింది. "ఏం కాదక్కా. నీ జాగల నేనున్నా గట్లనే అనుకుందు" అని సీసా సిస్టరుకిచ్చి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నా కూతురికి గొట్టంలోంచి పన్నెండు మిల్లీలీటర్లు పట్టారు. సగం నావి, సగం ఫ్రీజరులోవి. ఆ సగం ఎవరివని నేను అడగలేదు. జరిగింది చెబితే మా అమ్మ, "మంచి పని చేశావు. ఇలాంటప్పుడు మొహమాటపడకూడదు" అంది. నేను వరండా అదిరేలా అమ్మ మీద అరిచాను. పాపం, ఆవిడేం చేసింది? అరవాల్సింది నా మీద నేను.

ఆమె చెప్పినట్టే ఇంకో వారం వచ్చిందట. నేను లేని వేళ చూసుకుని వచ్చేదట. సిస్టరు చెప్పింది. ఆ వారంలోనే నేను బిడ్డను గుండెల మీద పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టాను. చొక్కా గుండీలు విప్పి, దాన్ని నా చర్మానికి ఆనించి, మీద దుప్పటి కప్పేవారు. అలా పడుకున్నాక నాకు పాలు బాగా పెరిగాయి. ఫ్రీజరు సీసాల అవసరం పోయింది. తరవాత ఎప్పుడో గొట్టం తీశారు. నా కూతురు తనంతట తానే రొమ్ము అందుకుని, నాలుగు గుటకలు వేసి, అలిసిపోయి నిద్రపోయింది. ఆ నాలుగు గుటకలూ విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అమ్మాయే. ఆమె అడిగింది ఇంతే కదా.

పాలగదిలో తీసుకున్న ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. రోజూ తీసి చూసేదాన్ని, నొక్కేదాన్ని కాదు. ఏమని మొదలుపెట్టాలో తెలిసేది కాదు. పందొమ్మిది వందల గ్రాములు వచ్చాక మమ్మల్ని ఇంటికి పంపించారు. ఆ పొద్దున ఆసుపత్రి మెట్లు దిగుతూ ఫోన్ చేశాను.

"ఇంటికి తోల్కపోతున్నరా? మస్తు మంచిగైంది అక్కా" అంది. ఆమె మళ్ళీ డ్యూటీలో చేరింది. లంచ్ టైములో తన బిల్డింగు గేటు దగ్గరికి వస్తానంది. మణికొండ వెళ్ళాల్సిన కారు నానక్‌రామ్‌గూడ వైపు తిప్పించాను. మా అమ్మ ముందు సీట్లో కూర్చుని, ఎక్కడికని కూడా అడగలేదు. చెట్టు నీడన కారాపాక తనే దిగి, వెనక తలుపు తెరిచి పట్టుకుంది.

ఆమె నీలం కోటు వేసుకుని, మెడలో కార్డుతో గేటు దాటి వచ్చింది. చిక్కిపోయింది. కారుకు రెండడుగుల దూరంలో ఆగింది.

"నేను ఆ రోజు అబద్ధం చెప్పాను. డాక్టర్ ఏమీ అనలేదు. భయపడ్డాను. నన్ను క్షమించు" అన్నాను. దారంతా తయారుచేసుకున్న మాటలు వేరు, వచ్చినవి ఇవి.

"నాకెర్కే అక్కా" అంది.

మా అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "దగ్గరికి రామ్మా. చూడు" అని ముందుకు నడిపించింది. మా అమ్మ నోట ఆ మాట వింటానని నేను అనుకోలేదు. అప్పటికే నా కూతురు మూలుగుతూ నోరు తెరిచి అటూ ఇటూ వెతుకుతోంది. "పాల యాళ్ల అయినట్టుంది" అంది ఆమె. వెనక సీట్లో ఒద్దికగా సర్దుకుని బిడ్డకు రొమ్మిచ్చాను. మా అమ్మ రోడ్డు వైపు పైట అడ్డం పట్టి నిలబడింది.

ఆమె తలుపు దగ్గర వంగి చూస్తూ ఉంది. రెండు చేతులూ గుండెల మీద గట్టిగా కట్టుకుని ఉంది. బిడ్డ తాగుతోంది, ఆగుతోంది, ఊపిరి తీసుకుంటోంది, మళ్ళీ తాగుతోంది. ఆ మూడు నాలుగు నిమిషాలూ ఆమె రెప్ప వెయ్యలేదు. "బాగ గుంజుతున్నది" అంది ఒకసారి, చాలా నెమ్మదిగా.

తాగడం అయ్యాక మూతి తుడిచి, టవల్ సరిచేసి, బిడ్డను ఆమె వైపు చాపాను.

"ఎత్తుకో" అన్నాను. "నీ చేతులమీద ఒక్కసారి ఎత్తుకో."

ఆమె చేతులు విప్పలేదు. ఇంకా గట్టిగా ఒత్తి పట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దక్కా. మొన్నమొన్ననే పాలు ఆగినయ్. ఎత్తుకుంటే మల్ల వస్తయ్."

నా చేతులు అలాగే చాచి ఉన్నాయి. ఆమె ఇంకొక్కసారి బిడ్డ మొహం చూసి, మా అమ్మకు దండం పెట్టి, లంచ్ టైమైపోయిందని గేటు లోపలికి వెళ్ళిపోయింది.